ఫార్మాట్ కొట్టేముందు ఒక్క నిమిషం

బీరువా తాళాలు ఎక్కడున్నాయో, ఇంటి దస్తావేజులు ఏ కవర్లో ఉన్నాయో ఇంట్లో అందరూ ఇల్లాలినే అడుగుతారు. అదే పెన్‌డ్రైవ్ మొరాయించిందనుకోండి, అది తిన్నగా వీధి చివర షాపుకో, ఎదురింటి ఇంజినీరింగ్ కుర్రాడి చేతికో వెళ్లిపోతుంది. "ఏం లేదాంటీ, ఫార్మాట్ కొట్టేస్తే సరి" అంటాడతను. మనం సరేనంటాం. చిటికెనవేలంత ఆ వస్తువులో పాప బారసాల ఫొటోలుంటాయి, ఆధార్ కాపీలుంటాయి, పెళ్లిసంబంధాలకని తీయించిన చెల్లెలి ఫొటోలుంటాయి, ఒక్కోసారి బ్యాంకు పాస్‌బుక్కు స్కాన్ చేసినవీ ఉంటాయి. బీరువా తాళం ఎవరికి పడితే వాళ్లకివ్వని మనం దీన్ని మాత్రం నిశ్చింతగా ఇచ్చేస్తాం.

నిజానికి ఫార్మాట్ చేయడం పావుగంటలో వచ్చేసే పని. కుట్టుమిషన్లో దారం ఎక్కించడం ఇంతకన్నా కష్టం. బటన్ నొక్కడానికేముంది, ఎవరైనా నొక్కుతారు. దేనిమీద నొక్కుతున్నాం, నొక్కితే ఏం పోతుంది, ఏం పోకుండా లోపలే మిగిలిపోతుంది అన్నది తెలిసి ఉండాలి. షాపు కుర్రాడికి కూడా చాలాసార్లు ఈ చివరిది పట్టదు.

నేను చెప్పబోయేదంతా లైనక్స్ ఉన్న కంప్యూటర్ గురించి. నా కథలన్నీ టైపు చేసుకునేది ఒక పాత లాప్‌టాప్ మీద. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో కంపెనీ మద్దతు ఆగిపోయింది. కొత్త విండోస్ వేద్దామంటే మా లాప్‌టాప్‌కి అంత వయసు లేదు, అదే, అంత వయసు అయిపోయింది. దాన్ని పాతసామాన్లవాడికి వేసేయకుండా మా ఆడపడుచు కొడుకు ఉబుంటు అనే లైనక్స్ వేసి ఇచ్చాడు. ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టిన పని ఇది. దాని లోపలి రాత అంతా ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఊరికే పంచుకోవచ్చు. అందుకే ఓపెన్ సోర్స్ అంటారు. ఉబుంటు 2004లో వచ్చింది. ఇలాంటివి తెలుగులోకి తేవడానికి హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' అనే సంస్థ చాలా ఏళ్లు శ్రమపడింది. డబ్బు పెట్టి కొనక్కర్లేదు అన్నమాట మావారికి నచ్చింది. పాత లాప్‌టాప్ మళ్లీ చకచకా నడవడం నాకు నచ్చింది.

గీతలు గీయడమే

ఫార్మాట్ అంటే తుడిచేయడం అని చాలామంది అనుకుంటారు. అసలర్థం గీతలు గీయడం. కొత్త పెన్‌డ్రైవ్ తెల్లకాగితాల పుస్తకం అనుకోండి. లెక్కలకు గళ్ల పుస్తకం, తెలుగుకు ఒంటిగీత, ఇంగ్లీషు కాపీరైటింగుకి నాలుగు గీతలు ఎలా ఉంటాయో, ఇక్కడా అలాగే కొన్ని రకాల గీతలున్నాయి. ఆ గీతలను బట్టే, ఏ ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది. ఈ గీతల పద్ధతినే ఫైల్ సిస్టమ్ అంటారు. మనకు తరచుగా తగిలేవి నాలుగు.

ఫ్యాట్32 1996 నాటిది. టీవీలు, కార్లలో పాటలపెట్టెలు, పాత కెమెరాలు అన్నీ దాన్ని చదువుతాయి. దాంతో ఉన్న తంటా ఒకటే, 4 జీబీకి మించిన ఒక్క ఫైలుని అది పట్టలేదు. మా వదిన కూతురి పెళ్లి వీడియో ఎక్కించబోతే ఇదే జరిగింది. 32 జీబీ డ్రైవ్, అంతా ఖాళీ, వీడియో చూస్తే 6 జీబీ. అయినా ఎక్కనని మొండికేసింది. "డ్రైవ్ చెడిపోయింది, ఇంకోటి కొను" అని వదినకి ఎవరో సలహా కూడా ఇచ్చేశారు. గ్లాసు పెద్దదే, మూతి సన్నం, అంతే. దానికి విరుగుడు ఎక్స్‌ఫ్యాట్. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2006లో తెచ్చిన ఈ పద్ధతికి ఆ 4 జీబీ గొడవ లేదు. 2019 నుంచి లైనక్స్ దీన్ని బయటినుంచి ఏదీ ఎక్కించకుండానే చదువుతోంది. ఈమధ్య వచ్చిన టీవీలు కూడా చాలావరకు చదువుతున్నాయి. ఆ డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చాక పెళ్లి మొత్తం ఎక్కింది, అప్పగింతలతో సహా.

ఎన్‌టీఎఫ్ఎస్ విండోస్ వాళ్ల సొంతం, లైనక్స్ దాన్నీ చదువుతుంది. ఇక నాలుగోది ఈఎక్స్‌టీ4. ఇది లైనక్స్ సొంత పద్ధతి. మంచి గట్టిది. కరెంటు పోయి కంప్యూటర్ ఠక్కున ఆగిపోయినా మళ్లీ సర్దుకుని లేస్తుంది. అయితే దీన్ని విండోస్ మామూలుగా చదవలేదు. ఈ చిన్న సంగతి తెలియకే మా పిన్ని గుండె ఆగినంత పనైంది.

చదవలేనివాడి మాట

మా అమ్మమ్మ మంగళహారతులు పాడేది. ఆవిడ పోవడానికి రెండేళ్ల ముందు పిన్ని కూర్చోబెట్టి అవన్నీ రికార్డు చేయించింది. పిన్ని అల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అతనికి లైనక్స్ తప్ప మరోటి పట్టదు. ఆ పాటలన్నీ ఒక హార్డ్ డిస్కులో పెట్టి పండక్కి వచ్చినప్పుడు ఇచ్చి వెళ్లాడు. శ్రావణమాసంలో వినాలనిపించి పిన్ని దాన్ని మనవడి కంప్యూటర్‌కి తగిలించింది. వెంటనే తెరమీద ఒక పెట్టె తెరుచుకుంది. ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని. భయపడి షాపుకి పట్టుకెళ్లింది. అక్కడి అబ్బాయి కూడా అదే పెట్టె చూసి, "డిస్కు పోయిందండీ, లోపల ఏమీ లేదు, ఫార్మాట్ చేసిస్తాను, మళ్లీ వాడుకోవచ్చు" అన్నాడు. పిన్నికి మనసొప్పలేదు. ఆ సాయంత్రం నాకు ఫోను.

"ఏమేవ్, అమ్మ పాటలు పోయాయట" అంది. గొంతు వణుకుతోంది.

"ఎవరన్నారు పిన్నీ? ఎవరైనా ఏ బటనైనా నొక్కారా?"

"లేదే. నొక్కనివ్వలేదు. సంచీలో వేసుకుని వచ్చేశా."

"మంచిపని చేశావు. రేపు పొద్దున్నే పట్టుకురా."

మర్నాడు మా లాప్‌టాప్‌కి తగిలించగానే డిస్కు తెరుచుకుంది. నలభై మూడు ఫైళ్లు. ఒక్కటీ పోలేదు. ఎందుకు పోతుంది? అది ఈఎక్స్‌టీ4 గీతల మీద రాసిన పుస్తకం. తెలుగు రానివాడి చేతికి తెలుగు ఉత్తరం ఇస్తే, వాడికి అర్థం కానంత మాత్రాన కాగితం ఖాళీ అయిపోతుందా? విండోస్ మాత్రం "నాకు ఈ లిపి రాదు" అని చెప్పదు. ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. ఆ అడిగే తీరు తప్పని నాకెప్పుడూ అనిపిస్తుంది. అక్కడ సరే అన్నామంటే లోపలున్నది చూడకుండానే కొత్త గీతలు గీసేస్తుంది.

కాబట్టి అలాంటి పెట్టె వస్తే 'క్యాన్సిల్' నొక్కి డ్రైవ్ తీసేయండి. ఇది ఏ కంప్యూటర్‌లో రాసింది, ఎవరిచ్చారు అని గుర్తు చేసుకోండి. లైనక్స్ ఉన్న మరో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. నిజంగా చెడిపోయినా సరే, ఫార్మాట్ చేయడం ఆఖరి పని కావాలి గానీ మొదటిది కాకూడదు. ఆ రోజే పిన్ని పాటలన్నీ ఒక ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించి ఇచ్చాను. ఇప్పుడు ఆవిడ వాటిని టీవీలోనే వింటోంది.

పేరు చూశాకే బటన్

ఇక చేసే పద్ధతి. మొట్టమొదట ఉంచుకోవలసినవన్నీ మరోచోటికి ఎక్కించుకోండి. ఎక్కించాక అక్కడ తెరిచి చూడండి, పేరు కనిపించినంత మాత్రాన ఎక్కినట్టు కాదు. రెండోది, ఫార్మాట్ చేయదలచిన డ్రైవ్ ఒక్కటే ఉంచి మిగతావన్నీ కంప్యూటర్ నుంచి పీకేయండి. వినడానికి మోటుగా ఉంటుంది గానీ ఇంతకు మించిన రక్షణ లేదు. లైనక్స్ తను నడుస్తున్న భాగాన్ని ఫార్మాట్ చేయమంటే ఒప్పుకోదు. కానీ పక్కన తగిలించి ఉన్న రెండో హార్డ్ డిస్కుకి ఆ రక్షణ లేదు.

ఉబుంటులో 'డిస్క్స్' అనే చిన్న ప్రోగ్రాం ముందే ఉంటుంది. తెరిస్తే ఎడమవైపు డ్రైవుల పేర్లు కనిపిస్తాయి. అక్కడ చూడాల్సింది సైజు. లాప్‌టాప్ డిస్కు 512 జీబీ, మీ పెన్‌డ్రైవ్ 32 జీబీ అయితే ఇక పొరపాటుకి తావులేదు. పెన్‌డ్రైవ్ మీద నొక్కితే కుడివైపు దాని బొమ్మ, దాని కింద పళ్లచక్రం గుర్తు ఉంటాయి. ఆ చక్రం నొక్కితే 'ఫార్మాట్ పార్టిషన్' వస్తుంది. డ్రైవ్‌కి ఒక పేరు, ఏ పద్ధతి గీతలు కావాలో అడుగుతుంది. అన్ని యంత్రాల్లో వాడడానికి ఫ్యాట్, విండోస్‌కి ఎన్‌టీఎఫ్ఎస్, లైనక్స్‌కి ఈఎక్స్‌టీ4 అని అక్కడే రాసి ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్ కావాలంటే 'అదర్' అన్నదాంట్లోకి వెళ్లాలి. ఆఖరున ఇదిగో ఫలానా డ్రైవ్, ఇంత సైజు, ఇందులోదంతా పోతుంది అని మరోసారి చూపిస్తుంది. ఆ పేజీ మాత్రం ఆగి చదవండి. వస్తువుల గ్యారంటీ కార్డు లాగా చూడకుండా పక్కన పడేసేది కాదది.

ఒక్కోసారి 32 జీబీ డ్రైవ్ కాస్తా కొద్ది ఎంబీలు మాత్రమే చూపిస్తుంటుంది. దాన్ని లైనక్స్ ఎక్కించే డ్రైవ్‌గా ఎవరైనా వాడి ఉంటే ఇలా అవుతుంది. పెద్ద గదికి తడికలు కట్టి మూడు గదులు చేసినట్టు, డ్రైవ్ లోపల ముక్కలై ఉంటుంది. ఆ ముక్కలే పార్టిషన్లు. విండోస్ వాటిలో తనకు తెలిసిన చిన్న ముక్కనే చూపిస్తుంది. అప్పుడు ఒక్క ముక్కని ఫార్మాట్ చేసి లాభం లేదు. 'డిస్క్స్'లో పైన మూడు చుక్కల దగ్గర 'ఫార్మాట్ డిస్క్' ఉంటుంది. అది తడికలన్నీ ఎత్తేస్తుంది. తర్వాత ఆ ఖాళీ జాగాలో కొత్తగా ఒకే పార్టిషన్ చేసుకోవాలి. ఇది తెలియక మంచి డ్రైవ్‌ని చెత్తబుట్టలో పడేసినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

నల్లతెర మీద అక్షరాలు కొట్టి చేసే పద్ధతి కూడా ఉంది. మా ఆడపడుచు కొడుకు అలాగే చేస్తాడు, చూడ్డానికి దర్జాగా ఉంటుంది. అందులో ఎల్, ఎస్, బి, ఎల్, కె అనే ఐదక్షరాల ఆదేశం ఒక్కటి మీరూ నేర్చుకోవచ్చు. దానివల్ల ఏమీ చెరగదు, తగిలించి ఉన్న డ్రైవులన్నీ వరసగా చూపిస్తుందంతే. మొదటిది ఎస్‌డీఏ, రెండోది ఎస్‌డీబీ, అలా పేర్లుంటాయి. ఆ ఒక్క అక్షరం తేడాలోనే ఉంది ప్రాణమంతా. పైగా ఈ పేర్లు స్థిరం కావు, నిన్న బి అయినది ఇవాళ సి కావచ్చు. నిన్నటి కాగితం చూసి ఇవాళ కొట్టకూడదు. ఫార్మాట్ చేసేముందు డ్రైవ్‌ని విడదీయడానికి 'యుమౌంట్' అని కొట్టాలి. 'అన్‌మౌంట్' అంటే దానికి తెలియదు. మధ్యలో ఎన్ అనే అక్షరాన్ని ఎవరు మింగేశారో గానీ, కొత్తవాళ్లందరూ అక్కడ తడబడతారు. పాస్‌వర్డు అడిగినప్పుడు మనం కొడుతుంటే తెరమీద చుక్క కూడా కనిపించదు. కీబోర్డు పాడైందనుకోకండి, దాని పద్ధతే అంత. 'డీడీ' అనే మరో ఆదేశం ఉంది. ఏం చెరిపేస్తున్నావని అడగనుకూడా అడగదు. దానికి డిస్కుల్ని నాశనం చేసేదని ముద్దుపేరు. ఆ జోలికి మనం వెళ్లక్కర్లేదు.

చెరిగినట్టే ఉంటుంది

ఇందాక ఏం పోకుండా మిగిలిపోతుందో తెలియాలన్నాను కదా. మామూలు ఫార్మాట్‌లో కంప్యూటర్ చేసేది విషయసూచికని కొత్తగా రాసుకోవడం. గ్రంథాలయంలో కార్డుల బీరువా తీసేసి ఖాళీ బీరువా పెట్టినట్టు. పుస్తకాలు అరల్లోనే ఉంటాయి. వెతికే ఓపిక ఉంటే ఒక్కొక్కటీ బయటికొస్తుంది. అందుకే 64 జీబీ డ్రైవ్ అయినా కొన్ని సెకన్లలో ఫార్మాట్ అయిపోతుంది.

ఊరికే చెప్పడం ఎందుకని చేసి చూశాను. ఎప్పటిదో 8 జీబీ మెమరీ కార్డు ఉంది, అందులో మా తిరుపతి ప్రయాణం ఫొటోలు. అవన్నీ మరోచోట దాచుకుని కార్డుని మామూలుగా ఫార్మాట్ చేశాను. తెరిస్తే ఖాళీ. తర్వాత ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపాను. అరగంటలో ఫొటోలు తిరిగొచ్చాయి. పేర్లు పోయి ఏవేవో అంకెలు వచ్చాయి గానీ ఫొటోలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అలిపిరి మెట్ల మీద నేను చెప్పులు పట్టుకుని ఆయాసపడుతున్న ఫొటో కూడా వచ్చేసింది. అది రాకపోయినా నాకు బాధ లేదు.

రెండోసారి 'డిస్క్స్'లో పేరు రాసే గడి దగ్గరే ఉండే 'ఎరేజ్' అన్న మీటని ఆన్ చేసి ఫార్మాట్ చేశాను. అప్పుడది కార్డు పొడవునా సున్నాలు రాసుకుంటూ పోతుంది. సెకన్లలో అయ్యేది పావుగంట దాటింది. మళ్లీ ఫొటోరెక్ నడిపితే ఒక్క ఫొటో రాలేదు.

ఈ రెండు ముఖాలనూ మనం వాడుకోవచ్చు. ఎవరైనా తొందరపడి మీ డ్రైవ్ ఫార్మాట్ చేసేశారా? ఇక దానిమీద ఏమీ రాయకుండా వెంటనే తీసి పక్కన పెట్టండి. కొత్త ఫైలు ఎక్కించిన కొద్దీ పాతవాటి మీద మన్ను పడుతుంది. ఏమీ రాయకపోతే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. అదే పాత లాప్‌టాప్ అమ్ముతున్నారా, కార్డు ఎవరికైనా ఇచ్చేస్తున్నారా? మామూలు ఫార్మాట్‌ని నమ్మకండి. అది కొన్నవాడి ఇంట్లో మన ఫొటోలు మళ్లీ కళ్లు తెరుస్తాయి. ఆడపిల్లలున్న ఇళ్లల్లో ఇది ఇంకాస్త పట్టించుకోవాల్సిన సంగతి. పిల్లలు సిగ్గుపడి చెప్పరు గానీ, షాపులో ఇచ్చొచ్చిన పాత ఫోను కార్డు గురించి రాత్రిళ్లు భయపడేవాళ్లున్నారు.

పూర్తిగా సున్నాలు రాయడం తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్ డిస్కులకు బాగా పనిచేస్తుంది. పెన్‌డ్రైవులు, ఎస్ఎస్‌డీలు అరిగిపోకుండా ఉండడానికి లోలోపల చోటు మార్చుకుంటూ రాస్తుంటాయి, అందుకని ఎక్కడో కొద్ది మూల మిగిలిపోవచ్చు. మామూలు ప్రోగ్రాములకు అది దొరకదు. అయినా మరీ దాచుకోవలసినవి ఉంటే మొదటే తాళం వేయడం మేలు. 'డిస్క్స్'లో ఈఎక్స్‌టీ4 ఎంచుకునేటప్పుడు పాస్‌వర్డు పెట్టే గడి ఉంటుంది. అలా చేసిన డిస్కు ఎవరి చేతికి వెళ్లినా లోపలిది అర్థం లేని గజిబిజే. కాకపోతే ఆ పాస్‌వర్డు మనం మరిచిపోయినా అంతే సంగతులు. చెడిపోయి అసలు తెరుచుకోని డ్రైవ్ అయితే సుత్తి తీసుకుని లోపలి నల్లటి చిప్పు పగలగొట్టేయండి. దానికి ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు.

అన్నట్టు, లైనక్స్‌లో ఎక్కించడం అయిపోయింది అని తెరమీద కనిపించినా డ్రైవ్ లాగేయకండి. చాలాసార్లు అప్పటికి సగం కంప్యూటర్ మెమరీలోనే ఉంటుంది. పక్కనున్న 'ఎజెక్ట్' గుర్తు నొక్కి, తీసేయొచ్చు అని చెప్పేదాకా ఆగాలి. పెద్ద వీడియోలైతే నిమిషాలు పడుతుంది. పాలు పొంగేదాకా నిలబడే ఓపిక ఉన్నవాళ్లం, ఇదెంత!

అలాగే రోడ్డు పక్కన, ఆన్‌లైన్‌లో 1 టీబీ, 2 టీబీ అంటూ కూరగాయల ధరకి దొరికే పెన్‌డ్రైవులతో జాగ్రత్త. లోపల ఏ 16 జీబీయో ఉంటుంది, పైకి మాత్రం అబద్ధం చెబుతుంది. నిండేదాకా బాగానే ఉండి, ఆ తర్వాత ఎక్కించినవన్నీ గాలిలో కలుస్తాయి. ఫార్మాట్ చేసినా అబద్ధం అలాగే చెబుతుంది. ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాం డ్రైవ్ నిండా రాసి, మళ్లీ చదివి, నిజం సైజు చెప్పేస్తుంది. అలాగని 64 జీబీ డ్రైవ్ విండోస్‌లో 59 చూపిస్తే మోసం అనుకోకండి. తయారీవాళ్లది వెయ్యి లెక్క, విండోస్‌ది 1024 లెక్క. పాత సేరుకీ కొత్త కిలోకీ ఉన్న పేచీ లాంటిదే.

నా దగ్గర ఇప్పుడు మూడు డ్రైవులున్నాయి. ఫార్మాట్ చేసేటప్పుడే వాటికి కథలు, ఫొటోలు, కాగితాలు అని పేర్లు పెట్టాను. ఫ్యాట్32కి అయితే పేరు పదకొండు అక్షరాలు దాటకూడదు, పైగా ఇంగ్లీషులో రాస్తే అన్ని యంత్రాల్లోనూ సరిగ్గా కనిపిస్తుంది. అవే పేర్లు చిన్న కాగితం ముక్కల మీద రాసి, పైన సెల్లోటేపు వేసి పోపులడబ్బా మూతలకు అంటించినట్టు అంటించాను. 'కాగితాలు' అన్నదానికి పాస్‌వర్డు ఉంది. అది నాకూ మావారికీ తప్ప ఎవరికీ తెలియదు, ఆయనకి గుర్తుందో లేదో అప్పుడప్పుడు అడుగుతుంటాను.